కొత్త ప్రాంతంలో కనిపించిన జంతువు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫలానా జంతువు మొదటిసారి ఫలానా చోట కనిపించిందని వార్త వచ్చిన ప్రతిసారీ ఇంచుమించు ఇవే సందేహాలు వస్తుంటాయి. పక్షులను చూసేవాళ్లు, అడవుల్లో పనిచేసేవాళ్లు, జంతుశాస్త్రం చదివే విద్యార్థులు ఎక్కువగా అడిగేవి ఇక్కడ ఉన్నాయి. వరసగా చదవక్కర్లేదు, కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోవచ్చు.

వ్యాప్తి పరిధి అంటే ఏమిటి?

ఒక జాతి సహజంగా బతుకుతోందని ఆధారాలున్న ప్రాంతమంతా దాని వ్యాప్తి పరిధి. పుస్తకాల్లో మ్యాపు మీద రంగు పూసి చూపించేది దీన్నే. ఆ రంగు చూస్తే లోపలంతా ఆ జంతువు తిరుగుతున్నట్టు, అంచు దాటితే ఒక్కటీ లేనట్టు అనిపిస్తుంది. నిజానికి రంగు అడుగున ఉండేవి కొన్ని చుక్కలే. ఫలానా తేదీన, ఫలానా చోట ఎవరో చూశారు, లేదా నమూనా సేకరించారు అని చెప్పే రికార్డులవి. వాటి చుట్టూ నిపుణులు అంచనా వేసి అంచు గీస్తారు.

కొత్త రికార్డు ఆ అంచుకు బయట పడితే దాన్ని పరిధి విస్తరణ అంటారు. అంచు లోపలే, కానీ ఇంతవరకు ఒక్క చుక్కా లేని ఖాళీలో పడితే అది ఖాళీని పూరించే రికార్డు. రెండో రకానికి పేపర్లలో చోటు దొరకదు గానీ విలువలో అదేమీ తక్కువ కాదు.

కొత్త జాతిని కనుక్కోవడం, తిరిగి కనుక్కోవడం, పరిధి విస్తరణ... మూడూ ఒకటేనా?

కాదు. వార్తల్లో మూడింటినీ తరచూ కలిపేస్తారు.

కలివికోడి సంగతే చూడండి. శాస్త్రానికి 1848 నుంచి తెలిసిన పక్షి. 1900 తర్వాత ఎవరికీ కనిపించకపోవడంతో అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. పాత రికార్డుల్లో కడప ప్రాంతం ముందే ఉంది కాబట్టి ఇది తిరిగి కనుక్కోవడమే, పరిధి విస్తరణ కాదు.

జైపూర్ బల్లి విషయంలో రెండూ కలిసొచ్చాయి. ఒడిశాలోని జైపూర్ కొండల నుంచి 1877లో బెడ్డోమ్ అనే బ్రిటిష్ ప్రకృతి పరిశోధకుడు వర్ణించిన (అంటే శాస్త్రీయంగా పేరు పెట్టి ప్రకటించిన) ఈ బల్లి ఆ తర్వాత దాదాపు 130 ఏళ్లు ఎవరి కంటా పడలేదు. మళ్లీ దొరికినప్పుడు ఒడిశాలోనే కాక, ఉత్తరాంధ్రలోని గాలికొండలో కూడా దొరికింది. ఒడిశా రికార్డు తిరిగి కనుక్కోవడం కిందికి, గాలికొండ రికార్డు పరిధి విస్తరణ కిందికి వస్తాయి.

అంటే ఆ జంతువు అక్కడికి కొత్తగా వచ్చినట్టేనా?

చాలాసార్లు కాదు. జంతువు ముందు నుంచీ అక్కడే ఉంటుంది. కొత్తగా వెళ్లింది మనుషులు, కెమెరాలు, లేదా ఆ జంతువును గుర్తుపట్టగల ఒక జత కళ్లు. జాతుల వ్యాప్తి గురించి మనకున్న ఈ అజ్ఞానానికి శాస్త్రవేత్తలు ‘వాలేసియన్ లోటు’ అని పేరు పెట్టారు. జంతువులు ఎక్కడెక్కడ, ఎందుకు ఉంటాయో జీవితాంతం ఆలోచించిన ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ పేరు మీద వచ్చిన మాట అది.

రికార్డుల చుక్కలన్నీ కలిపి చూస్తే అవి రోడ్ల వెంట, విశ్వవిద్యాలయాల చుట్టూ, పర్యాటకులు తిరిగే అభయారణ్యాల్లో గుమిగూడి కనిపిస్తాయి. జంతువులకు రోడ్ల మీద మోజేమీ లేదు. వెతికేవాళ్లు అక్కడికే వెళ్తారు, అంతే. రాత్రి తిరిగేవి, నేలలో ఉండేవి, చెట్ల కొమ్మల చివర బతికేవి ఏళ్ల తరబడి లెక్కలోకి రాకుండా ఉండిపోతాయి. రస్టీ స్పాటెడ్ క్యాట్ అనే చిట్టి అడవిపిల్లి దక్షిణ భారతానికి, శ్రీలంకకు పరిమితమని ఒకప్పుడు అనుకునేవారు. తర్వాత గుజరాత్‌లోని గిర్‌లో, ఇంకా తర్వాత హిమాలయాల కింది తెరాయి మైదానంలో ఉన్న పిలిభిత్‌లో బయటపడింది. పిల్లి నడుచుకుంటూ ఉత్తరాదికి వెళ్లిందనుకోవడం కన్నా, అక్కడ కెమెరా ట్రాప్‌లు (జంతువు ఎదుటికి రాగానే వాటంతటవే ఫోటో తీసే కెమెరాలు) పెట్టడం ఆలస్యమైందనుకోవడం సబబు.

మరి నిజంగానే వలస వచ్చి స్థిరపడ్డ సందర్భాలు లేవా?

ఎందుకు లేవు, ఘనంగా ఉన్నాయి. పశువుల వెంట తిరిగే తెల్ల కొంగ, క్యాటిల్ ఇగ్రెట్, పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఆఫ్రికా నుంచి అట్లాంటిక్ దాటి దక్షిణ అమెరికా చేరింది. 1953 నాటికి ఫ్లోరిడాలో గూళ్లు పెట్టి పిల్లలను చేస్తోంది. యూరేషియన్ కాలర్డ్ డవ్ అనే గువ్వ ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఐరోపాలో ఆగ్నేయ మూలకే పరిమితం. అక్కడి నుంచి ఖండమంతా పాకి, 1955లో బ్రిటన్‌లో గూడు కట్టింది.

ఈ రెండు పక్షుల విషయంలో ‘వచ్చింది’ అని ధైర్యంగా ఎలా అనగలుగుతున్నారు? అవి రాకముందు కూడా అక్కడ పక్షులను శ్రద్ధగా చూసి రాసుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి. అంత పెద్ద తెల్ల పక్షి ఉండి ఉంటే వాళ్ల రాతల్లో దొరికేది. ‘కనిపించలేదు’ అన్న మాట ‘లేదు’గా మారాలంటే అక్కడ గట్టిగా వెతికి ఉండాలి. పాత సర్వేలకు అంత విలువ అందుకే. కాలిఫోర్నియాలోని యోసెమిటీలో జంతుశాస్త్రవేత్త జోసెఫ్ గ్రినెల్ బృందం 1914–1920 మధ్య ఏ జంతువు ఎంత ఎత్తులో దొరికిందో, ఎక్కడ వెతికినా దొరకలేదో వివరంగా రాసిపెట్టింది. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత అవే చోట్లకు మళ్లీ వెళ్లి చూస్తే, 28 చిన్న క్షీరద జాతుల్లో సగం సగటున 500 మీటర్లు పైకి జరిగినట్టు తేలింది. దొరకని చోట ‘దొరకలేదు’ అని రాయడం గ్రినెల్ చేసిన గొప్ప పని. ఇప్పటికీ చాలామంది ఫీల్డ్ నోట్సుల్లో ఆ మాట ఉండదు.

వాతావరణ మార్పే దీనికంతటికీ కారణమా?

కొన్నింటికి. 2011లో వెలువడిన ఒక విస్తృత విశ్లేషణ ప్రకారం నేల మీది జీవుల పరిధులు దశాబ్దానికి సుమారు 17 కిలోమీటర్లు ధ్రువాల వైపు, 11 మీటర్లు ఎత్తుకు జరుగుతున్నాయి. సముద్రంలో ఈ వేగం ఇంకా ఎక్కువ. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ తీరానికి చెందిన పొడవాటి ముళ్ల సీ అర్చిన్ (ముళ్ల బంతిలాంటి సముద్రజీవి) 1978లో టాస్మేనియాలో మొదటిసారి కనిపించింది. వెచ్చని ప్రవాహం దక్షిణానికి మరింతగా చొచ్చుకురావడంతో అక్కడే స్థిరపడి సముద్రపు నాచు అడవులను మేసేస్తోంది. జాలర్లు, డైవర్లు తమకు అలవాటు లేని చేప కనిపిస్తే తెలియజేయడానికి ‘రెడ్‌మ్యాప్’ అనే వేదిక 2009లో మొదలైంది కూడా టాస్మేనియాలోనే.

అయితే ఒక్క రికార్డు పట్టుకుని ‘వేడెక్కడం వల్లే వచ్చింది’ అని రాసేయడం తొందరపాటు. సరిగ్గా వెతకని అడవిలో దొరికిన కప్పకు ఆ కారణం అంటగట్టిన వ్యాసాలు చూస్తే నాకు చిరాకు.

దారి తప్పి వచ్చిన ఒక్క పక్షి లెక్కలోకి వస్తుందా?

ఆ ప్రాంతపు పక్షుల జాబితాలోకి రావచ్చు. పరిధిలోకి రాదు. తూర్పు రష్యా, జపాన్ వైపు ఉండే స్టెల్లర్స్ సీ ఈగల్ ఒకటి 2020లో అలాస్కా లోతట్టులో కనిపించి, 2021లో టెక్సాస్‌లో, ఆ తర్వాత కెనడా తూర్పు తీరంలో, ఏడాది చివరికి మసాచుసెట్స్‌లో తేలింది. దాన్ని చూడటానికి జనం విమానాలెక్కి వెళ్లారు. అయినా ఉత్తర అమెరికా తూర్పు తీరాన్ని ఆ గద్ద పరిధిలో ఎవరూ కలపలేదు. జత కట్టడం, గుడ్లు, పిల్లలు, ఏటేటా మళ్లీ కనిపించడం... ఇలాంటి ఆధారాలు కావాలి.

మనుషుల వల్ల చేరిన జంతువు అయితే?

అప్పుడు దాన్ని ప్రవేశపెట్టిన జాతిగా విడిగా నమోదు చేస్తారు. పెంపకం నుంచి వదిలేసిన తాబేళ్లు, ఓడల్లో వచ్చిన నత్తలు, కలప దుంగల్లో వచ్చిన పురుగులు అన్నీ ఈ లెక్కే. అలాంటి రికార్డు కూడా ముఖ్యమే. ఆక్రమణ జాతిని (బయటి నుంచి వచ్చి స్థానిక జీవులకు హాని చేసే జాతిని) తొలి రోజుల్లో గుర్తిస్తేనే అదుపు చేయడం సాధ్యమవుతుంది.

చిక్కేమిటంటే, ఈ రవాణా ఒక్కోసారి మొదటి రికార్డునే తారుమారు చేస్తుంది. మెరిసే నీలిరంగు టరాంటులా సాలీడు, పొయెసిలోథీరియా మెటాలికా, 1899లో వర్ణించినప్పుడు దొరికిన చోటు గుత్తి. అదీ రైల్వే కలప డిపోలో. శతాబ్దం పాటు దాని చిరునామా అదే. 2001లో అక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నంద్యాల–గిద్దలూరు మధ్య అడవిలో అది చెట్ల తొర్రల్లో కనిపించింది. గుత్తికి అది కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుందని ఇప్పుడు భావిస్తున్నారు. దొరికిన చోటల్లా సొంత ఊరు కాదన్నమాట.

ఎంత దూరంలో దొరికితే పరిధి విస్తరణ అంటారు?

ఇన్ని కిలోమీటర్లు అని నిబంధన లేదు. జంతువును బట్టి ఉంటుంది. ఒకే కొండ మీద బతికే నత్త పక్క కొండ మీద దొరికితే అది విశేషం. రాబందు వంద కిలోమీటర్లు దాటి కనిపిస్తే పెద్ద సంగతేమీ కాదు. అందుకే మంచి వ్యాసాల్లో ‘అంతకు ముందు ప్రచురితమైన అతి దగ్గరి రికార్డు నుంచి సరళరేఖలో ఇంత దూరం, ఈ దిశలో’ అని ఇస్తారు. మధ్యలో పెద్ద నది, కనుమ, ఎడారి లాంటి అడ్డంకి ఉంటే అదీ చెప్పాలి. నది అవతల 5 కిలోమీటర్లు, ఇవతల 50 కిలోమీటర్ల కన్నా ఎక్కువ ప్రశ్నలు లేపుతుంది. ఎత్తును మరవకండి. మ్యాపు మీద అదే చోటైనా, తెలిసిన దానికన్నా వెయ్యి మీటర్లు పైన దొరికితే అది కూడా విస్తరణే.

ఫోటో సరిపోతుందా?

పులికి సరిపోతుంది. చిన్న గోధుమరంగు కప్పకు చాలదు. పెద్ద క్షీరదాలు, చాలా పక్షులు, సీతాకోకచిలుకల్లో కొన్ని ఫోటోతో తేలిపోతాయి. పక్షులకూ కప్పలకూ అరుపుల రికార్డింగ్ ఒక్కోసారి ఫోటో కన్నా బలమైన ఆధారం. సాలీళ్లు, పురుగులు, చాలా బల్లుల విషయంలో మ్యూజియంలో భద్రపరిచిన నమూనా, దానికి నమోదు సంఖ్య, వీలైతే డీఎన్‌ఏ అడుగుతారు. తర్వాతి తరం వచ్చి ‘ఇది అది కాదు’ అని అనుమానపడితే మళ్లీ తీసి చూసుకోవడానికి వస్తువు ఉండాలి కదా.

గుర్తింపు తప్పయ్యే అవకాశం ఎంత?

మీరు అనుకునే దానికన్నా ఎక్కువ. తెలిసిన పరిధికి బాగా దూరంగా ఏదైనా దొరికినప్పుడు ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ‘ఇది నిజంగా ఆ జాతేనా?’ అని. కొత్త చోట దొరికిన పాత జాతి అనుకున్నది వేరే జాతిగా తేలడం మామూలే.

సీలకాంత్ చేప కథ ఇందుకు చక్కగా సరిపోతుంది. కోట్ల ఏళ్ల కిందట అంతరించిందనుకున్న ఈ చేప 1938లో దక్షిణాఫ్రికా తీరంలో వలకు చిక్కింది. రెండోది 1952లో కొమొరో దీవుల్లో దొరికింది. పశ్చిమ హిందూ మహాసముద్రమే దాని ఇల్లు అని అందరూ స్థిరపడ్డారు. 1997లో ఇండోనేషియాలోని సులవేసి దీవిలో చేపల బజారులో ఇంకొకటి కనిపించింది. అంటే దాదాపు 10,000 కిలోమీటర్ల అవతల! మరుసటి ఏడాది ఇంకొకటి చిక్కింది. చూడటానికి పాతదానిలాగే ఉంది, రంగు మాత్రం నీలం బదులు గోధుమ. 1999లో దాన్ని లాటిమేరియా మెనడోయెన్సిస్ అనే వేరే జాతిగా ప్రకటించారు. డీఎన్‌ఏ పోలికలు కూడా రెండు జాతులూ ఎప్పుడో విడిపోయాయనే చెప్పాయి. పరిధి విస్తరణగా మొదలైన వార్త కొత్త జాతిగా ముగిసింది.

రికార్డులను ఎవరైనా కావాలని కల్పిస్తారా?

కల్పించారు. ఇంగ్లండ్‌లో హేస్టింగ్స్ చుట్టుపక్కల ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ‘దొరికిన’ అరుదైన పక్షుల రికార్డులు ఒక మోసమని 1962లో తేల్చి, వాటిని జాబితా నుంచి కొట్టేశారు.

మన దేశంలో జరిగిన నష్టం ఇంకా ఆసక్తికరం. ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబను 1880ల తర్వాత ఎవరూ చూడలేదు, పక్షుల నమూనాలు సేకరించే బ్రిటిష్ సైనికాధికారి రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ ఒక్కడు తప్ప. తాను 1914లో గుజరాత్‌లోని మాండ్వి దగ్గర ఒకదాన్ని సేకరించానని ఆయన నమూనా చూపించాడు. నిజానికి అది మ్యూజియం నుంచి దొంగిలించి, కొత్త లేబుల్ కట్టిన పాత నమూనా. ఆ అబద్ధపు చిరునామా వెతికేవాళ్లను ఏళ్ల తరబడి తప్పుదారి పట్టించింది. అమెరికా పక్షిశాస్త్రవేత్త పమేలా రాస్ముసెన్ ఆ రికార్డును పక్కనపెట్టి, నమ్మదగిన పాత రికార్డుల చోట్లను పట్టుకుని వెతికారు. 1997 నవంబరులో మహారాష్ట్రలోని షహాదా దగ్గర ఆమె బృందానికి పక్షి కనిపించింది. ఒకసారి దాని రూపం, అరుపు తెలిశాక మిగతా చోట్ల కూడా దొరకడం మొదలైంది. 2014లో ముంబైకి దగ్గర్లోని తాన్సా అభయారణ్యంలోనూ కనిపించింది.

స్థానికులకు అది ముందే తెలుసు కదా, ‘మొదటి రికార్డు’ అని ఎలా అంటారు?

న్యాయమైన ప్రశ్న. సులవేసి జాలర్లు సీలకాంత్‌ను ‘రాజా లావుత్’, అంటే సముద్రపు రాజు, అని పిలుచుకునేవారు. కొమొరో దీవుల్లో దాని పేరు ‘గొంబెస్సా’. రెండు పేర్లూ శాస్త్రవేత్తల రాకకన్నా పాతవి. కలివికోడిని 1986లో పట్టి చూపించింది కూడా పక్షులు పట్టడం వృత్తిగా ఉన్న స్థానికుడే.

‘మొదటి రికార్డు’ అంటే రాతపూర్వకంగా, ఆధారంతో, ఎవరైనా సరిచూసుకోగలిగేలా నమోదైన మొదటిది అని మాత్రమే అర్థం. ఇది రాసేవాళ్లలో చాలామంది ఆ సంగతి చెప్పకుండా దాటేస్తారు. ఫోటో చూపి ‘దీన్ని చూశారా?’ అని అడగడం కన్నా ‘ఇక్కడ ఏమేం తిరుగుతాయి, వాటినేమంటారు?’ అని అడిగి వినడం మేలు. మొదటి పద్ధతిలో మర్యాద కోసం ‘ఆఁ, చూశాం’ అనేస్తారు.

నాకు అలాంటిది కనిపించింది. ఇప్పుడు ఏం చేయాలి?

ముందు ఫోటోలు. ఒకటి కాదు, వీలైనన్ని కోణాల నుంచి తీయండి. పక్కన కొలతకు ఏదైనా ఉంటే మంచిది. అరుస్తుంటే ఫోన్‌లోనే రికార్డు చేయండి. తేదీ, సమయం, జీపీఎస్ అంకెలు, ఎత్తు, చుట్టూ ఎలాంటి చోటు, ఎన్ని ఉన్నాయి, ఏం చేస్తున్నాయి అన్నవి అక్కడికక్కడే రాసుకోండి. ఇంటికెళ్లి రాద్దామనుకుంటే సగం పోతుంది.

జీపీఎస్ గురించి ఒక మాట. అక్షాంశంలో 0.01 డిగ్రీ అంటే సుమారు 1.1 కిలోమీటర్లు, 0.0001 అంటే సుమారు 11 మీటర్లు. కాబట్టి దశాంశ బిందువు తర్వాత నాలుగైదు అంకెలు చాలు. అక్షాంశ రేఖాంశాలు తారుమారు కాకుండా చూసుకోండి. రెండూ సున్నాలుగా నమోదై, ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో తేలుతున్న రికార్డులు డేటాబేసుల్లో ఎన్నో. ఆ చోటికి ‘నల్ ఐలాండ్’ అని ముద్దుపేరు కూడా ఉంది.

తర్వాత ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, పక్షులైతే ఈబర్డ్... జీవుల రికార్డులు సేకరించే ఈ వెబ్‌సైట్లలో ఏదో ఒకదానిలో పెట్టండి. ఈ వేదికల రికార్డుల్లో చాలా భాగం జీబీఐఎఫ్ అనే అంతర్జాతీయ సమాచార కేంద్రానికి చేరుతాయి. అరుదైనది అనిపిస్తే ఆ జీవుల గుంపు మీద పనిచేసే నిపుణుడికి నేరుగా రాయండి. తెలిసిన పరిధి ఎంతవరకో చూసేటప్పుడు ఒక్క వెబ్‌సైట్ మ్యాపును నమ్మకండి. పాత పత్రికల్లో పూడిపోయిన చిన్న నోట్ ఒకటి మీ ‘మొదటి రికార్డు’ను రెండోదిగా మార్చేయగలదు.

పట్టుకుని దాచి చూపించవచ్చా?

వద్దు. భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జంతువును అనుమతి లేకుండా పట్టుకోవడం నేరం. ఇతర దేశాల్లోనూ ఇలాంటి చట్టాలున్నాయి. చనిపోయి కనిపించినా ముట్టుకోకుండా అటవీ శాఖకు చెప్పండి.

ఖచ్చితమైన చోటు బయటపెట్టాలా?

అన్నిసార్లూ వద్దు. ఇండోనేషియాలోని రోటీ దీవికి చెందిన పాము మెడ తాబేలును 1994లో వర్ణించగానే పెంపుడు జంతువుల వ్యాపారం దాని మీద పడింది. కొద్ది ఏళ్లలోనే అడవిలో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. చైనాలో 1999లో వర్ణించిన ఒక గుహ బల్లికీ మొదట దొరికిన చోట అదే గతి పట్టింది. అప్పటి నుంచి ఆ బల్లుల కొత్త జాతులను ప్రకటించేటప్పుడు కొందరు పరిశోధకులు స్థలం రాయడమే మానేశారు. ఐనాచురలిస్ట్ కూడా ప్రమాదంలో ఉన్న జాతుల చోటును 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒకచోట చూపి దాచేస్తుంది. వ్యాపార విలువ ఉన్న జీవికి జిల్లా పేరుతో సరిపెట్టి, అసలు అంకెలు మ్యూజియానికి, అటవీ అధికారులకు ఇవ్వడం నా దృష్టిలో సరైన పద్ధతి. ఫోటో ఫైల్‌లోనే జీపీఎస్ అంకెలు దాగి ఉంటాయి, షేర్ చేసే ముందు తీసేయండి.

పరిధి పెరిగితే అంతరించే ప్రమాదం తగ్గినట్టేనా?

కాగితం మీద తగ్గొచ్చు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) ఏ జాతికి ఎంత ప్రమాదం ఉందో చూపే రెడ్ లిస్ట్‌లో వ్యాప్తి విస్తీర్ణం 100 చదరపు కిలోమీటర్ల లోపు ఉంటే తీవ్ర ప్రమాదం, 5,000 లోపు ఉంటే ప్రమాదం, 20,000 లోపు ఉంటే హాని పొందగల స్థితి అనే హద్దులున్నాయి. వాటితో పాటు ఆవాసం ముక్కలవడం, తగ్గుతూ పోవడం లాంటి షరతులూ కలవాలి. ఒక్క కొత్త చుక్కతో విస్తీర్ణం హద్దు దాటొచ్చు. ఫారెస్ట్ ఔలెట్ కొత్త చోట్ల దొరికాక 2018లో దాన్ని తీవ్ర ప్రమాదం నుంచి ఒక మెట్టు కిందికి దించారు. పక్షుల సంఖ్య పెరగలేదు, మనకు తెలిసింది పెరిగింది. ఇలాంటి మార్పును రెడ్ లిస్ట్ నిజమైన మెరుగుదల నుంచి వేరు చేసి చూపుతుంది. పత్రికలు మాత్రం రెండింటికీ ఒకే శీర్షిక పెడతాయి.

అడవికి వెళ్లకుండా కూడా పరిధి విస్తరణలు దొరుకుతాయా?

దొరుకుతాయి, మ్యూజియం సొరుగుల్లో. తప్పు పేరుతో ఏళ్ల తరబడి పడి ఉన్న నమూనాను నిపుణుడు మళ్లీ పరీక్షిస్తే దాని లేబుల్ మీది చోటు కొత్త రికార్డు అవుతుంది. 2013లో ప్రకటించిన ఒలింగీటో అనే దక్షిణ అమెరికా క్షీరదం ఇలా బయటపడింది. మ్యూజియంలో దాని దగ్గరి బంధువుల పేరుతో ఉన్న చర్మాలు, పుర్రెల్లో తేడా కనిపించింది. లేబుళ్ల మీద 5,000 నుంచి 9,000 అడుగుల ఎత్తు అని రాసి ఉండటంతో ఎక్కడ వెతకాలో తెలిసి, పరిశోధకులు ఈక్వెడార్ మేఘారణ్యాలకు వెళ్లి దాన్ని సజీవంగా చూశారు. ఆ లేబుళ్ల మీద ఎత్తు రాసి ఉండకపోతే వెతకాల్సిన చోటు ఆండీస్ పర్వతాలంతా అయ్యేది.